బలం పెట్టాల్సొస్తే ఆగు

చిన్నా,

సర్కులర్ సా కొందామనుకుంటున్నాను, ఏది తీసుకోవాలో చెప్పు పెదనాన్నా అని అడిగావు. మేస్త్రీ దగ్గర మానేసి సొంతంగా ఒక ఫ్లాటుకి కిచెనూ వార్డ్‌రోబులూ ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడే ఈ ప్రశ్న వస్తుందనుకున్నాను. ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఇంతకాలం నువ్వు పట్టుకున్నది మేస్త్రీ మిషన్, ఆయన కళ్ళ ముందు పట్టుకున్నావు. ఇకనుంచి నీ మిషన్, నీ సైటు. పక్కన నిలబడి చెప్పే మనిషి ఉండడు. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. రంపం సరైనదై, బ్లేడు పదునుగా ఉండి, చెక్క కుదురుగా ఆని ఉంటే మిషన్‌ని తొయ్యాల్సిన పనుండదు. గీత మీద నడిపించుకుంటూ పోవడమే. చేతికి బలం పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడో తేడా వచ్చిందని గుర్తు. బ్లేడు మొద్దుబారి ఉండొచ్చు, కోత మూసుకుపోతూ ఉండొచ్చు, వోల్టేజి పడిపోయి ఉండొచ్చు. అప్పుడు చెయ్యాల్సింది ఇంకాస్త నొక్కడం కాదు, స్విచ్చి వదిలెయ్యడం. నేను చూసిన ప్రమాదాల్లో చాలా వరకు ఆ "ఇంకాస్త నొక్కు" దగ్గరే జరిగాయి.

ఇప్పుడు నీ దగ్గరున్న నాలుగంగుళాల కట్టర్ సంగతి. దాన్ని రంపంగా వాడటం మానెయ్యి. మన సైట్లలో ఎక్కడ చూసినా అదే నడుస్తోందని నాకూ తెలుసు. రాయి కొయ్యడానికి చేసిన మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు బిగించి ప్లై షీట్లు కోసేస్తున్నారు. తేలిగ్గా ఉంటుంది, చవగ్గా వస్తుంది, 18 ఎంఎం ప్లై కొయ్యడానికి లోతు కూడా సరిపోతుంది. కానీ దాని లెక్క చూడు. 110 ఎంఎం బ్లేడు నిమిషానికి 12, 13 వేల చుట్లు తిరుగుతుంది. పంటి కొన సెకనుకి 70 మీటర్లు దాటి పోతుందన్నమాట. ఏడుంబావు అంగుళాల రంపం బ్లేడు తిరిగేది నిమిషానికి ఐదారు వేల చుట్లే, పంటి కొన వేగం సెకనుకి 50, 60 మీటర్ల మధ్య ఉంటుంది. వేగం సంగతి పక్కన పెట్టినా, అసలు లోటు గార్డు. రాయి బ్లేడుకి పళ్ళుండవు. అందుకే ఆ మిషన్‌కి పైసగం కప్పే రేకు తప్ప, కింద తనంతట తాను మూసుకునే గార్డు ఉండదు. కోత అయ్యాక మిషన్ ఎత్తావంటే తిరుగుతున్న పళ్ళు నీ తొడ పక్కనే బట్టబయలుగా ఉంటాయి. పైగా చాలా కట్టర్లకి స్విచ్చి నొక్కి లాక్ చేసే బటన్ ఉంటుంది. చెయ్యి జారినా అది తిరుగుతూనే ఉంటుంది. ధరలో తేడా ఎంతైనా కానీ, అది నీ వేళ్ళ మీద మిగుల్చుకునే డబ్బు కాదు. కట్టర్‌ని టైల్స్ వాళ్ళకి అమ్మెయ్యి, లేదా రాయి పనికే ఉంచు.

ఇక కొనేది. నీ పనికి ఏడుంబావు అంగుళాల రంపం, అంటే 184, 185 ఎంఎం బ్లేడుది చాలు. నిటారుగా 60 ఎంఎం పైన, 45 డిగ్రీలు వాల్చి కోస్తే 45 ఎంఎం దాకా దిగుతుంది. ప్లై, బ్లాక్ బోర్డు, తలుపుల చట్రాలు, రెండంగుళాల టేకు పలక అన్నీ దాంతో అయిపోతాయి. తొమ్మిదంగుళాల మిషన్ కూడా చూపిస్తారు షాపులో. పెద్దది కదా అని ఆశపడకు. ఆ బరువు ద్వారబంధాలు, దూలాలు కోసే వాళ్ళకి తప్పదు గానీ, రోజంతా షీట్లు కోసేవాడి మణికట్టు సాయంత్రానికి వణుకుతుంది. అలసిపోయిన చెయ్యే నొక్కడం మొదలుపెడుతుంది. మోటారు 1200 నుంచి 1400 వాట్లు, బరువు నాలుగు కిలోలకి అటూ ఇటూ ఉండేది చూసుకో.

షాపులో డబ్బా మీద రాసింది చదివి తెచ్చేసుకోకు. మిషన్ బయటికి తీయించు, ప్లగ్గు పెట్టకుండా కౌంటర్ మీద ఉంచి పట్టుకో. వెనక పిడి నీ గుప్పిట్లో నిండాలి, వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడకూడదు, చాలక సాగదీసుకోకూడదు. స్విచ్చి నొక్కే ముందు బొటనవేలితో నొక్కాల్సిన సేఫ్టీ బటన్ ఉంటుంది కదా, దాన్ని పట్టు సడలించకుండా అందుకోగలగాలి. రెండో చేత్తో ముందు పిడి పట్టుకుని కొద్దిగా ఎత్తు. ముక్కు కిందికి వాలిపోతోందా, పక్కకి ఒరుగుతోందా చూడు. ఎటూ లాగకుండా రెండు చేతుల మధ్య నిలిచేదే నీది. కింది గార్డుని వేలితో వెనక్కి లాగి వదులు, టప్పున మూసుకోవాలి. బద్ధకంగా మూసుకుంటే ఆ పీసు వద్దను. బేసు ప్లేటు కింద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా చూడు, స్కేలు కింద నుంచి వెలుగు కనిపించకూడదు. లోతు సర్దే మీట బిగించాక ప్లేటు కదలకూడదు. బ్లేడు వెనకాల సన్నటి ఉక్కు రేకు ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకో. కోత మూసుకుపోయి బ్లేడుని పట్టెయ్యకుండా అది కాస్తుంది. చివరగా అడగాల్సింది సర్వీసు సెంటర్ ఎక్కడుందని. మీ ఊళ్ళో కార్బన్ బ్రష్షులు, స్విచ్చి దొరకని కంపెనీ ఎంత గొప్పదైనా మనకి పనికిరాదు. మిషన్ రిపేరులో ఉన్న వారం రోజులూ ఇంటాయన నీకు ఫోన్లు చేస్తూనే ఉంటాడు.

నీది ఎడమచేతి వాటం. ఈ సంగతి షాపువాడు అడగడు, నువ్వే చూసుకోవాలి. మన దగ్గర దొరికే వైరు రంపాల్లో ఎక్కువ భాగం మోటారు ఎడమ వైపు, బ్లేడు కుడి వైపు ఉంటాయి. కుడిచేతి వాటం వాడికి మోటారు అడ్డం వస్తుంది గానీ, బ్లేడు ఒంటికి దూరంగా ఉంటుంది. నువ్వు ఎడమ చేత్తో పట్టుకుంటే గీత నీకు బాగా కనిపిస్తుంది, కానీ పొట్టు అంతా నీ ఒంటి మీదికి, మొహం మీదికి కొడుతుంది. దీనికి రెండు దారులున్నాయి. బ్యాటరీ రంపాల్లో బ్లేడు ఎడమ వైపు ఉన్నవి చాలా వస్తున్నాయి, ఒకటి పట్టుకు చూడు. 165 ఎంఎం బ్లేడు, 18 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేని సైట్లో అదే దిక్కు. లేదంటే వైరు రంపాన్నే కుడి చేత్తో పట్టడం అలవాటు చేసుకో. రెండు చేతులూ మిషన్ మీదే ఉంటాయి కాబట్టి అనుకున్నంత కష్టం కాదు. పనికిరాని ముక్కల మీద నాలుగు రోజులు సాధన చేస్తే చెయ్యి కుదురుకుంటుంది. ఏ దారైనా సరే, కళ్ళద్దాలు లేకుండా మాత్రం మొదలుపెట్టకు.

మీ అక్క డల్లాస్ నుంచి పంపిన వీడియో చూశాను. వాళ్ళ ఇంటి వెనక డెక్ కడుతున్న మనిషి చేతిలో ఉన్నది బ్లేడు ఎడమ వైపుండే పొడుగాటి రంపం, వర్మ్ డ్రైవ్ అంటారు. చాలా గట్టి మిషన్, బరువూ ఎక్కువే. దాని పుట్టుక కూడా వినదగ్గ కథే. 1920లలో న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన, కూలీలు కత్తులతో చెరకు నరికి నరికి అలిసిపోవడం చూసి, చిన్న మోటారుకి బ్లేడు తగిలించాడట. చెరకు కోసం మొదలుపెట్టింది చివరికి చెక్క కోతకి పనికొచ్చింది, 1924లో కంపెనీ కూడా పెట్టారు. అనకాపల్లి వైపు చెరకు నరికే వాళ్ళని చూసిన నాకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో బాగానే అర్థమవుతుంది. కానీ అక్క వచ్చేటప్పుడు తెమ్మని చెప్పకు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడ ప్లగ్గు పెట్టిన మరుక్షణం మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు తిరగడం అయ్యే పని కాదు, రిపేరు వస్తే పార్టూ దొరకదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 1400 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద ఆరు ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. ఫ్యాను, లైటు బోర్డుల్లో ఉండే చిన్న సాకెట్టు దానికి చాలదు. గీజరుకో ఏసీకో పెట్టిన పెద్ద సాకెట్టు నుంచి తీసుకో. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నటిదైతే దాని పొడుగునా వోల్టేజి తగ్గిపోతుంది, మోటారు మూలుగుతుంది, నీ చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కొనుక్కో, చుట్ట మొత్తం విప్పి పరిచాకే వాడు. చుట్టలో ఉండగా లోడు పడితే వైరు వేడెక్కి కరుగుతుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఇంటాయన్ని అడుగు, లేకపోతే నీ ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఒకటి పెట్టించుకో. కడుతున్న ఇళ్ళల్లో నేల తడిగా ఉంటుంది కదా.

బ్లేడు గురించి రెండు మాటలు. మిషన్‌తో వచ్చే బ్లేడు సాధారణంగా 24 పళ్ళది. అది టేకు, వేప లాంటి గట్టి చెక్కని నారవాటున చీల్చడానికి బాగుంటుంది. ప్లైని, మైకా అంటించిన షీటుని దాంతో కోస్తే అంచులు పీచులు లేస్తాయి. ప్లైకి 40 పళ్ళది, మైకాకి 60 పళ్ళది విడిగా కొను. మైకాకీ ఎండీఎఫ్‌కీ అయితే ఒక పన్ను చదునుగా, పక్కది మూలలు చెక్కినట్టుగా ఉండే రకం ఇంకా శుభ్రంగా కోస్తుంది. బ్లేడు మీద గరిష్ఠ చుట్లు ఎన్నో రాసి ఉంటుంది. ఆ అంకె నీ మిషన్ మీదున్న అంకె కంటే ఎక్కువ ఉండాలి. మధ్య రంధ్రం 16, 20, 25.4, 30 ఎంఎం అని రకరకాలుగా వస్తుంది. నీ మిషన్‌కి ఎంతో చూసుకుని అదే కొనుక్కో. సైజు తేడా వస్తే బ్లేడుతో ఇచ్చిన రింగే వెయ్యాలి తప్ప, కాగితం మడతో టేపు చుట్టో పెట్టకూడదు. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు ఊడదీసి నీ కళ్ళ ఎదురుగా పెట్టుకో. స్విచ్చి ఆపితే చాలులే అనుకోకు.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. రంపం పట్టడం నేర్చుకోవడం కంటే ముందు చెక్కని పడుకోబెట్టడం నేర్చుకో. ఎనిమిది బై నాలుగు షీటు, 18 ఎంఎం ప్లై అయితే ముప్పై కిలోలు దాటుతుంది. రెండు స్టూళ్ళ మీద రెండు కొసలూ ఆనించి మధ్యలో కోస్తారు చూడు, అదే పెద్ద తప్పు. కోత సగం దాటగానే షీటు మధ్యలో కుంగుతుంది, కోత నోరు పైన మూసుకుంటుంది, తిరుగుతున్న బ్లేడుని రెండు వైపులా కరిచేస్తుంది. ఈ బ్లేడు ముందు భాగం కింది నుంచి పైకి కోస్తుంది. అది ఇరుక్కుంటే చెక్క కదలదు కాబట్టి మిషనే చెక్కలోంచి లేచి వెనక్కి, నీ మీదికి తన్నుతుంది. కన్ను మూసి తెరిచే లోపల అయిపోతుంది. ఎంత బలవంతుడైనా పట్టి ఆపలేడు.

కాబట్టి నేల మీదే పని పెట్టుకో. రెండంగుళాల మందం ఉన్న చెక్క బద్దలు నాలుగు తీసుకుని, కోసే గీతకి ఈవల రెండు, ఆవల రెండు వెయ్యి. కోత పూర్తయ్యాక కూడా రెండు ముక్కలూ ఎక్కడివక్కడే, కిందికి కుంగకుండా పైకి లేవకుండా పడుండాలి. అలా ఉన్నాయంటే నువ్వు సరిగ్గా పరిచినట్టు. షీటంత థర్మోకోల్ పలక ఒకటి కొనుక్కుని కింద వేసుకుంటే ఇంకా సుఖం. బ్లేడు దాంట్లోకి నాలుగు మిల్లీమీటర్లు దిగినా నష్టం లేదు, చాలా రోజులు వస్తుంది. షీటు మీదికి మోకాళ్ళతో ఎక్కి కోయాల్సి వస్తే ఎక్కు, కానీ రెండు మోకాళ్ళూ గీతకి ఒకే పక్కన ఉండాలి, బ్లేడు వెళ్ళే దారిలో ఉండకూడదు. చిన్న ముక్క ఊడి పడాల్సిన చోట దాన్ని స్వేచ్ఛగా పడనివ్వు, చేత్తో పట్టుకోకు. మిషన్ వెడల్పు భాగం ఎప్పుడూ కదలకుండా మిగిలే పెద్ద ముక్క మీదే ఆనాలి.

లోతు సర్దేటప్పుడు పన్ను చెక్క కింద మూడు నాలుగు మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. 18 ఎంఎం ప్లైకి 22 దగ్గర బిగించు. బ్లేడు మొత్తం దింపేసి కోసేవాళ్ళున్నారు. కింద అంత ఉక్కు ఊరికే తిరుగుతుంటే ఏ కాలికి తగులుతుందో, ఏ వైరు తెగుతుందో చెప్పలేం. చెక్క పట్టేసుకోవడానికి కూడా అంత ఎక్కువ చోటు ఇచ్చినట్టవుతుంది.

పళ్ళు కింది నుంచి పైకి వస్తాయన్నాను కదా, అందువల్ల పీచులు లేచేది పై ముఖం మీద. బయటికి కనిపించే ముఖాన్ని కిందికి తిప్పి కొయ్యి. రెండు వైపులా మైకా ఉంటే గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్ గీత గీసి, ఉక్కు స్కేలు పెట్టి పదునైన కత్తితో ఒకసారి గట్టిగా గీరు. పై పొర ముందే తెగి ఉంటుంది కాబట్టి అంచు శుభ్రంగా వస్తుంది. ఇంకో సంగతి, బ్లేడు తినే మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటుంది. గీతకి పారేసే ముక్క వైపు కొయ్యి. ఒకే షీటులో నాలుగు కోతలు పడితే సెంటీమీటరు పొట్టయిపోతుంది. ఆ లెక్క వెయ్యకుండా షట్టర్లు కోస్తే ఆఖరిది తక్కువొస్తుంది.

తిన్నగా కోయడానికి ఖరీదైన గైడ్ రైలు ఇప్పుడే కొనకు. నువ్వే చేసుకో, ఒక పూట పని. 6 ఎంఎం ప్లై నుంచి ఎనిమిదడుగుల పొడుగు, అడుగు వెడల్పు పట్టీ తీసుకో. 12 ఎంఎం ప్లై నుంచి నాలుగంగుళాల వెడల్పు పట్టీ ఇంకోటి. దాని ఒక అంచు ఫ్యాక్టరీలో కోసి వచ్చిన అంచే ఉండాలి, ఎందుకంటే మన కోతల కంటే అది తిన్నగా ఉంటుంది. ఈ సన్న పట్టీని ఆ వెడల్పు పట్టీ మీద ఒక పక్కకి ఫెవికాల్ రాసి, కింద నుంచి స్క్రూలు వేసి బిగించు. ఫ్యాక్టరీ అంచు ఖాళీగా మిగిలిన వైపుకి తిరిగి ఉండాలి. ఫెవికాల్ ఆరాక, మిషన్ బేసు ప్లేటు అంచుని ఆ ఫ్యాక్టరీ అంచుకి ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి నడుపు. కింది 6 ఎంఎం ప్లైలో మిగులు ఊడిపోతుంది. ఇప్పుడు మిగిలిన ఆ అంచు నీ బ్లేడు సరిగ్గా ఎక్కడ కోస్తుందో చూపిస్తుంది. ఇకనుంచి ఆ అంచుని గీత మీద పెట్టి, రెండు కొసలా సీ క్లాంపులు బిగించి, రంపాన్ని నడిపించుకుంటూ పోవడమే. కొలతలు కలపడాలు, తీసెయ్యడాలు అక్కర్లేదు. బ్లేడు లోతు మాత్రం 6 ఎంఎం పెంచుకో. బ్లేడు మందం మారితే ఈ పట్టీ కొలత కూడా మారుతుంది కాబట్టి ఏ బ్లేడుతో చేశావో దాని మీద మార్కరుతో రాసి పెట్టు. ఎడమ చేతి వాటం వాడికి ఈ పట్టీ వరం. గీత కోసం మెడ వంచి, మొహం బ్లేడు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన అవసరమే ఉండదు.

దాంతో కోసే ముందు మిషన్‌ని ఒకసారి సరిచూసుకో. ప్లగ్గు తీసి, లోతు పూర్తిగా దింపి, మూలమట్టం ఒక అంచు బేసు ప్లేటుకి, రెండోది బ్లేడు రేకుకి ఆనించు. పంటికి ఆనించకు, పన్ను రేకు కంటే మందంగా ఉంటుంది. సందు లేకుండా ఉంటే 90 డిగ్రీలు ఉన్నట్టే. కొత్త మిషన్ కదా అని నమ్మొద్దు, స్కేలు మీద సున్నా చూపించేవన్నీ నిజం కావు.

ఇక కోత. వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకో. బ్లేడు తిరిగే గీతకి ఎదురుగా కాకుండా ఒక పక్కకి నిలబడు, మిషన్ వెనక్కి తన్నినా నీ పక్క నుంచి పోవాలి. బేసు ముందు భాగం చెక్క మీద బల్లపరుపుగా ఆనించు, బ్లేడు మాత్రం చెక్కకి అంగుళం దూరంలో ఉండాలి. స్విచ్చి నొక్కి పూర్తి వేగం అందుకునే దాకా ఆగు. తర్వాతే కదులు. రెండంగుళాలు పోయేసరికి నీ చెవికి ఒక స్వరం స్థిరపడుతుంది, ఆ స్వరం దిగకుండా ఉండే వేగమే సరైన వేగం. స్వరం బొంగురుపోయిందంటే తొందరపడుతున్నావని అర్థం. మరీ నెమ్మదిగా పోతే బ్లేడు ఒకే చోట రుద్దుకుని అంచు నల్లగా మాడుతుంది, టేకైతే వాసనే చెప్పేస్తుంది. గీత తప్పావనుకో, మిషన్‌ని పక్కకి తిప్పి లాక్కురావాలని చూడకు. బ్లేడు వంకర తిరగలేదు, ఇరుక్కుంటుంది. స్విచ్చి వదులు, ఆగనివ్వు, వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టు. తిరుగుతుండగా వెనక్కి మాత్రం లాగకు. ఆఖరి అరడుగులో అందరూ అయిపోయింది కదా అని తొందరపడతారు. అక్కడే చెక్క చీలుతుంది, మిషన్ కొసలో ఒరుగుతుంది. ఆ చివరి అరడుగు ఇంకా నిదానంగా పో. కోత పూర్తయ్యాక బ్లేడు పూర్తిగా ఆగే దాకా మిషన్‌ని చెక్క మీదే ఉంచు, గార్డు మూసుకుందో లేదో చూశాకే కింద పెట్టు.

ఆ గార్డుని ఎప్పుడూ వైరుతో కట్టకు, చెక్క ముక్క దోపి ఆపకు. అంచుని సన్నగా కోసేటప్పుడు, ఏటవాలు కోతలప్పుడు గార్డు చెక్క అంచుకి తట్టుకుని చిరాకు పెడుతుంది, నిజమే. దానికి పక్కనే మీట ఉంటుంది. కోత మొదలయ్యే దాకా ఆ మీటతో ఎత్తి పట్టుకుని, బ్లేడు చెక్కలోకి దిగాక వదిలెయ్యి. పొట్టు, బంక పట్టి గార్డు బరువుగా కదులుతుంటే ప్లగ్గు తీసి బ్రష్షుతో శుభ్రం చెయ్యి. ఏ సైట్లో అయినా గార్డు కట్టేసిన మిషన్ నీ చేతికిస్తే ముందు ఆ కట్టు విప్పు, ఇంటాయన తొందరపెట్టినా సరే. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

చెట్టు చెక్కకి కొన్ని వేరే జాగ్రత్తలున్నాయి. నల్లమద్ది, వేప పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే లోపల బిగువు వదిలి కోత నోరు మూసుకుంటుంది. నువ్వు కోసుకుంటూ పోతుండగానే వెనక మూసుకోవడం కనిపిస్తుంది. అడుగు దూరం కోసి మిషన్ ఆపి, వెనక సందులో సన్నటి చెక్క చీలికలు దోపి మళ్ళీ మొదలుపెట్టు. పాత ఇళ్ళు కూల్చినచోట కొన్న టేకు తలుపులు, దూలాలు వాడమని అడుగుతారు. చేవ బాగుంటుంది, కాదనను. కానీ వాటి నిండా తలలు తెగిన మేకులుంటాయి. అయస్కాంతం పెట్టి పొడుగునా రాసి చూడు, ఎక్కడ లాగితే అక్కడ ఉలితో తవ్వి తీసెయ్యి. ఒక్క మేకు తగిలితే కార్బైడ్ పన్ను ఊడి బుల్లెట్‌లా వస్తుంది.

పొట్టు సంగతి నువ్వు తేలిగ్గా తీసుకుంటావని నా భయం. చెక్క ధూళి మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ప్లైలోనూ ఎండీఎఫ్‌లోనూ వాడే జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ కూడా ఆ జాబితాలోనే ఉంది. తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే సన్న ధూళి ఆగదు. ఎన్95 మాస్కు పెట్టుకో, మూసిన గదిలో కాకుండా బాల్కనీలోనో వరండాలోనో కొయ్యి. చెవుల మాట కూడా అంతే. ఈ మిషన్ మోత 100 డెసిబెల్స్ దాకా పోతుంది. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చంటే, 100లో రోజుకి పావుగంటే ఉండాలని లెక్క. చెవులకి పెట్టుకునే మఫ్‌ల ఖరీదు పెద్దదేం కాదు. మన వీధిలో పెద్ద మేస్త్రీలందరూ ఎందుకంత గట్టిగా మాట్లాడతారో ఎప్పుడైనా ఆలోచించావా? వాళ్ళకి సగం వినబడదు. నీకు ఆ గతి పట్టకూడదు. మెళ్ళో తువ్వాలు, చేతికి కట్టిన దారాలు, వదులు చొక్కా చేతులు, హవాయి చెప్పులు, ఇవేవీ మిషన్ దగ్గర వద్దు.

డబ్బు సర్దుబాటు గురించి దిగులు పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పీఎం విశ్వకర్మ పథకంలో నమోదు చేసుకున్నావా? 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో మన వడ్రంగం ఒకటి. కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, దానికి రోజుకి 500 రూపాయల భత్యం ఇస్తారు. పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇ-వోచరు వస్తుంది. హామీ లేకుండా మొదట లక్ష, అది కట్టాక రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది. ఇంటికి ఒకరికే ఇస్తారు కాబట్టి నీ పేరు మీద పెట్టించు. కామన్ సర్వీస్ సెంటర్లో ఆధార్‌తో నమోదు చేస్తారు. రంపం, మూడు బ్లేడులు, క్లాంపులు, వైరు, అద్దాలు, మఫ్‌లు, మాస్కులు అన్నీ కలిపి లెక్క వేసుకో. డబ్బు చాలకపోతే రంపంలో ఒక మెట్టు తగ్గు, బ్లేడుల్లో తగ్గకు.

బ్లేడు మొద్దుబారినట్టు అనిపిస్తే ముందు ఊడదీసి సబ్బు నీళ్ళలో నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో పళ్ళ మీద బంక తోముకో. చాలాసార్లు పదును పోయి ఉండదు, బంకే అడ్డం పడుతుంది. అప్పటికీ స్వరం రాకపోతే సాన పట్టించు, కార్బైడ్ పళ్ళకి సాన వేసే మిషన్ ఉన్నవాడి దగ్గరే. ఆకురాయితో ఇంట్లో రుద్దితే పన్ను పాడవుతుంది.

పట్టీ చేసుకోడానికి 6 ఎంఎం ముక్క ఒకటి నా దగ్గర ఉంది, ఎనిమిదడుగులు తిన్నగా ఉంది. మిషన్ కొన్నాక దాన్ని, మూలమట్టాన్ని తీసుకుని మీ ఇంటికి వస్తాను. ముందు ప్లగ్గు పెట్టకుండా ఒకసారి పట్టుకుని చూద్దాం, ఆ తర్వాతే కోద్దాం.

మీ పెదనాన్న